రహీమా ప్రెస్సుకు పోవుడు

మా వెనక వాటాల కిరాయికుండే రహీమా గురించి రాస్తున్న. అమీర్‌పేటల మా గల్లీకి వచ్చి రహీమా ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పకపోదురు. షంషేర్ భార్య అనాలె, లేకుంటే అన్వరీ బీ కోడలు అనాలె. గా రోజులల్ల, అంటే ఎనభై ఆరుల, యూసుఫ్‌గూడ నుంచి ఖైరతాబాద్ దాక ఎవరింటికి ఉర్దూ పెండ్లి కార్డు వచ్చినా అండ్ల సగం మా రహీమా రాసినయే ఉంటుండె. మనిషి పేరు తెల్వదు గని, ఆమె రాత మాత్రం అందరి ఇండ్లల్లకు పోయేది.

ఉర్దూ కార్డులు అప్పుడు చేత్తోనే రాస్తుండిరి. రాసేటోళ్లను కాతిబ్ అంటరు. రాసిన కాయితాన్ని బట్టి ప్రెస్సోళ్లు అచ్చేస్తరు. రహీమా పెండ్లికాకముందు పంజగుట్టల క్లాసుకు పోయి ఈ పని నేర్చుకున్నది. ఒక మోకాలు లేపి, దాని మీద పలక ఆనించి, పలచటి కాయితం మీద వెదురు కలం ఆడిస్తుంటే నాకు లేవబుద్ది కాకపోయేది. నేను నాలుగో తరగతి దాకనే సదువుకున్న, అది సుత తెలుగు. అందుకే అడుగుతుంటి. ఇదేం అక్షరం, గా చుక్కలెందుకు, ఈ పెండ్లి ఎవరిది, పిల్లగాడు ఏం పని చేస్తడు? పాపం ఆ పిల్ల అన్నిటికి జవాబు చెప్పుకుంటనే రాస్తుండె.

రెండేండ్లు ఇంట్లనే రాసింది. పొద్దున షంషేర్ సనత్‌నగర్ల ఫ్యాక్టరీకి పోయే ముందల రాసిన కాయితాలు సైకిల్‌కు పెట్టుకోని పంజగుట్టల హాషం సాబ్ ప్రెస్సుల ఇస్తుండె. మాపటికి కొత్త పని పట్టుకొస్తుండె. ఏ లొల్లీ లేదు.

లొల్లి ఎట్ల మొదలయ్యిందో చెప్త. అండ్ల నా తప్పు సుత ఉన్నది.

ఒకరోజు పగటీలి రహీమా కార్డు రాస్తున్నది. పక్కన్నే అన్వరీ బీ బియ్యం ఏరుకుంట, సచ్చిపోయిన వాళ్ల మామ ముచ్చట తీసింది. ఆయన పహిల్వానట. సచ్చిపోయిన పెద్దోళ్ల పేరు ముందల వాళ్లు మర్హూమ్ అనాలె, మనం కీర్తిశేషులు అన్నట్టు. "మర్హూమ్ పొద్దున లేస్తే పన్నెండు గుడ్లు తింటుండె ఆపా. మర్హూమ్ దండచెయ్యి బిగిస్తే చొక్కా చినుగుతుండె. మర్హూమ్ కోపానికొస్తే గల్లీ మొత్తం బంద్!" నేను ఊకుంటనా? ఇంకా, ఇంకా అనుకుంట గంటసేపు చెప్పిపిచ్చిన.

పది రోజులకు ప్రెస్సు ముందల రిక్షా ఆగింది. ఖైరతాబాద్ గౌస్ మొహియుద్దీన్ సాబ్ దిగిండు. డెబ్బై ఐదేండ్ల మనిషి, చేతుల మనుమని పెండ్లి కార్డు. మూడు వందలు పంచినంక ఎవరో చూసిండ్రంట. తాత పేరు ముందల మర్హూమ్ అని ముత్యాలసొంటి అక్షరాలతోని రాసి ఉన్నది.

"పెండ్లికి రావొద్దంటే రాకపోదును గద హాషం మియా," అన్నడట ఆ పెద్దమనిషి. "చంపుడెందుకు?"

ఆయన మంచోడు కాబట్టి నవ్వి ఊకున్నడు. హాషం సాబ్ మాత్రం ఊకోలే. ఒకటో తారీఖు నుంచి ఎవరైనా సరే, పది నుంచి ఐదు దాక ప్రెస్సుల కూసోనే రాయాలె. ఇంటికి కాయితం పంపేది లేదు. రానోళ్లకు పని లేదు.

షంషేర్ ఈ మాట తెచ్చిన మాపటికి మా అరుగు మీద పెద్ద పంచాయితే అయ్యింది.

"మొగోళ్లు వరుసగ చాప మీద కూసునే జాగల నా కోడలు కూసోదు," అన్నది అన్వరీ బీ. "రాసేది చెయ్యి. ఇంట్లుంటే ఏంది, ప్రెస్సులుంటే ఏంది?"

"అమ్మీ, నేను ఫ్యాక్టరీకి పోయి హాజరీ కార్డు గుద్దుతలేనా? సేట్ కండ్ల ముందల పని చేస్తేనే సేట్‌కు పని," అన్నడు షంషేర్.

"నీదంటే లేత్ మిషిన్‌రా. ఇంటికి తెచ్చుకుంటవా? కలానికేమొచ్చింది?"

"మరి కలం ఇంట్లుండే కదమ్మీ పహిల్వాన్ తాతను కార్డులకెక్కిచ్చింది."

"తోబా! మధ్యల మర్హూమ్‌ను ఎందుకు గుంజుతవ్?"

నేను ఒకసారి ఈయన దిక్కు, ఒకసారి ఆమె దిక్కు మాట్లాడిన. రెండూ నిజమే అనిపించినయి మరి. రహీమా మాత్రం పక్కన ఉల్లిగడ్డ కోస్తుండె, ఆమెను ఎవరూ అడగలే.

తెల్లారి నల్లా కాడ ఒక్కతే దొరికింది. "ఏమే పిల్లా, అందరం అరుస్తున్నం గని, నీకేడ మంచిగుంటదే?"

అటు ఇటు చూసింది. బిందె కింద పెట్టింది.

"ప్రెస్సుకు పోవాలని ఉన్నది పెద్దమ్మా. ఇంట్ల రాస్తుంటే నేను పని చేస్తున్నట్టు ఎవరికన్నా కనబడతదా? ఖాళీగనే ఉన్నవ్ గద, పాలు చూడు అంటరు. ఖాళీగనే ఉన్నవ్ గద, సిలిండరాయన వచ్చిండు అంటరు. ఒక్క అలిఫ్ అక్షరం గీసుటానికి ఊపిరి బిగబట్టాలె. అది సగంల ఉండంగనే ఎవరో పిలుస్తరు." జర ఆగి, "నువ్వు సుత," అన్నది. "నిన్న పదకొండు సార్లు అడిగినవ్. లెక్కపెట్టిన."

నాకు నవ్వాగలే. సిగ్గు సుత అయ్యింది.

"మరి మీ అత్తకు చెప్పవేందే?"

"చెప్తే ఇల్లు నచ్చుతలేదా అంటది. ఒకటో తారీఖు దాటితే హాషం సాబ్ వేరేటోళ్లను పెట్టుకుంటడు. ఈ కలం పక్కకు పెడితే నాకు మళ్ల రాదు పెద్దమ్మా." ఆమె కండ్లల్ల నీళ్లు చూసుడు అదే మొదటిసారి.

నేను సక్కగ అన్వరీ బీ కాడికి పోయిన. "చూడకుండనే కాదంటవేంది? పోయి చూసొద్దాం పా. బాగలేకుంటే హాషం సాబ్ మొకం మీదనే చెప్పొద్దువు." మొకం మీద చెప్పుడంటే ఆమెకు మస్తు ఇష్టం. వెంటనే బురఖా తొడుక్కున్నది. రహీమాను సుత తోలుకోని ముగ్గురం పంజగుట్టకు నడిచినం. నిజం చెప్పాల్నంటే ప్రెస్సు ఎట్లుంటదో చూడాలని నాకు సుత ఎన్నొద్దుల నుంచో ఉండె.

ముందల ఒక పెద్ద అర్ర, అండ్ల చాప మీద ముగ్గురు కాతిబ్‌లు. మిషిన్ వెనక అర్రల కొట్టుకుంటున్నది. అన్వరీ బీ పోలీసోళ్ల తీరు తిరిగింది. చాప దులిపి చూసింది. మంచినీళ్ల కుండ మూత తీసి చూసింది. తీగకు ఆరేసిన కాయితాల కాడికొచ్చి ఆగింది. ఆమె ఉర్దూ మంచిగ సదువుతది. ఒక కార్డు సదివింది, మళ్ల సదివింది.

"ఇదెవరు రాసిండ్రు?"

"నేనే," అన్నడు గడ్డం నెరిసిన పెద్ద కాతిబ్ సాబ్. "ముప్పై ఏండ్ల నుంచి రాస్తున్న."

"ఆదివారం, ఇరవై ఒకటో తారీఖు అని రాసినవ్. మన ఉర్దూ నెలల ఆదివారానికి ఇరవయ్యే అయితది. నెలవంక సోమవారం మాపటికి కనబడ్డది. నేను మిద్దెక్కి చూసిన." వేలి కణుపుల మీద లెక్కపెట్టి ఆయన ముక్కు ముందల పెట్టింది.

హాషం సాబ్ గోడకున్న ఉర్దూ క్యాలెండర్ తీసి చూసిండు. ఆయన మొకం వాడిపోయింది. ఆ కార్డు ఇంకో గంటైతే మిషిన్‌కెక్కేదట. తారీఖు చూసుకోని వచ్చే చుట్టాలంతా ఒకరోజు ఆలస్యంగ వస్తుండిరి.

నా నోరు ఊకోలే. "ఇది ఇంట్ల రాసింది కాదు గద సాబ్? నీ కండ్ల ముందల రాసిందే గద?"

ఆయన నవ్విండు. "నిజమే బహెన్. తప్పు యాడైనా అయితది. మంచిది, రహీమా బేటీని ఎప్పటిలెక్కనే ఇంట్ల రాసుకోనియ్యి."

అన్వరీ బీ మొకం పున్నమి చంద్రుడయ్యింది. నేనేమో నాలుక కరుచుకున్న. పిల్లకు మంచి చేస్త అని వచ్చి కొంప ముంచిన!

అప్పుడు మా వెనక నుంచి రహీమా, "వద్దు సాబ్," అన్నది. "నేను వస్త."

చాప మీది ముగ్గురి కలాలు ఆగినయి.

"అమ్మీ, ఇంట్ల నువ్వు ముచ్చట చెప్తుంటే నా చెవులు నీ కాడనే ఉంటయి. ఏం చెయ్యను, నువ్వు గంత మంచిగ చెప్తవ్. నాకు రోజు కొన్ని గంటలు కలం కాడనే ఉండాలని ఉన్నది."

అన్వరీ బీ కోడలు దిక్కు చూసింది, మళ్ల తీగ మీది కాయితాల దిక్కు చూసింది. అటెంక హాషం సాబ్ దిక్కు తిరిగింది.

"రాసినంక సదివి తప్పులు చూసేదెవరు?"

"ఎవరు లేరు ఆపా. మేమే పైపైన చూస్తం."

"అట్ల పైపైన చూస్తేనే తాతలు సస్తున్నరు. నేను చూస్త. నా కోడలు ఈ కిటికీ కాడ కూసుంటది, వెలుతురు ఎడమ దిక్కు నుంచి రావాలె. మధ్యల పర్దా కట్టు. ఆ కుండ రోజు కడిగియ్యి."

"జీ," అన్నడు హాషం సాబ్. ఇంకేమంటడు!

ఒకటో తారీఖు పొద్దున తొమ్మిది గంటలకే అన్వరీ బీ అరుపులు గల్లీ మొత్తానికి ఇనబడ్డయి. "రహీమా, టైమైతున్నది! ఆఫీసంటే నీకు ఆటనా?" షంషేర్ తన టిఫిన్ డబ్బా తనే నింపుకుంట, "నేను ఒకర్నే పొమ్మంటే ఇద్దరూ పాయె పెద్దమ్మా," అని తల గోక్కున్నడు. నేను తోలిచ్చి వస్త అని వాళ్ల ఎంబడి పోయిన.

హాషం సాబ్ కొత్త హాజరీ రిజిస్టర్ తెరిచి పెట్టిండు. రహీమా దాని ముందల కూసోని మోకాలు లేపింది. కలం సిరాల ముంచి ఊపిరి బిగబట్టింది. ఎన్ని వందల పెండ్లిపిల్లల పేర్లు రాసిందో గని, తన పేరు రాసి పెట్టే జాగ ఆమెకు ఎన్నడు దొరకలే. నిదానంగ రాసింది. చుక్కలు పెట్టింది, అటు ఇటు తల తిప్పి చూసుకున్నది. వెనక ముగ్గురు కాతిబ్‌లు నిలబడ్డరు.

"బేటీ, హాజరీ వెయ్యమన్న," అన్నడు హాషం సాబ్ గడియారం చూసుకుంట. "పెండ్లి కార్డు రాయమనలే."

"రాయనియ్యి సాబ్, తొందరేమొచ్చింది?" అన్నది అన్వరీ బీ, బురఖా ముసుగు పైకెత్తి, తన వరుస కోసం నిలబడి.