ఒట్టి చేతులతో ఎక్కని కొండ

మే నెల ఎండలో ఆడవాళ్లు కొండల్లో పరిగెత్తడమేమిటని, సోమందేపల్లెలో నాకు గది అద్దెకిచ్చిన పెద్దాయన మొహం మీదే అన్నాడు. ఆ మాటతో పంతం పెరిగింది. కొండ మీది పాడుబడ్డ రాతికోట దాకా పరిగెత్తే తీరతానని మర్నాడు పొద్దున్నే బయలుదేరాను.

చాలా దూరం పరిగెత్తి కొండ మొదలుకు చేరేసరికి, మేకలు తోలుకుపోతున్న మస్తాన్‌బీ అనే ముసలామె నన్ను ఆపింది.

"ఏమ్మా, ఎవరన్నా తరుముతాండారా?"

"లేదు. కోట దాకా పోవాలి. నువ్వూ వద్దంటావా?"

"నేనెందుకంటా? పో. ఒట్టి చేతులతో మాత్రం పోవాకు" అంటూ నీళ్ల సీసా చేతిలో పెట్టింది.

నా నీళ్లు నాకున్నా, పెద్దామె ఇచ్చింది కదా అని మూత తీసి ఒక గుక్క తాగాను. ఆమె పకపకా నవ్వింది.

"నీకు కాదు తల్లీ. పైన కోటలో రాతితొట్టి ఉండాది. పిట్టలకు దాంట్లో పొయ్యి. ఎండాకాలం ఈ కొండ ఎవరెక్కినా నీళ్లు మోసుకుపోవాల్సిందే."

"ఈ ఎండకు ఎంతసేపు నిలుస్తాయి?"

"మధ్యాహ్నానికే ఎండిపోతాయి. అయితే ఏమి? వాన మొండికేసిందని మనమూ ఊరికే కూర్చోవాల్నా? రేపు మళ్లా పోస్తాం."

సీసా చంకన పెట్టుకుని, రొప్పుతూ పైదాకా పరిగెత్తాను. కూలిన గోడల మధ్య తొట్టి అడుగున తడి కూడా లేదు. నీళ్లు పోశాను. ఒక్క పిట్టా రాలేదు.

చెమటతో తిరిగొచ్చిన నన్ను చూసి, "ఏం సాధించినావమ్మా?" అన్నాడు గది అద్దెకిచ్చిన పెద్దాయన.

"ఖాళీ సీసాలుంటే ఇవ్వండి. రేపు రెండు మోయాలి" అన్నాను.