తాతయ్య చెయ్యి చూపిన ఎత్తు

సరిహద్దులో యుద్ధం మొదలైందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పాలావిడ. "అక్కడి పిల్లల తల్లులు ఏమైపోతారోనండి" అంటూ పాలు పోసి వెళ్లింది. మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకున్నాను. ఆ రోజంతా అలాంటి మాట మళ్లీ వినపడలేదు.

మండపేటలో రైసుమిల్లు నడిపే మా మరిది టిఫిను వేళకు వచ్చాడు. "ఇంత గోల ఎందుకండీ వదినగారూ? ఒక్క అణుబాంబు వేసేస్తే సాయంత్రానికి తేలిపోద్ది. జపాను వాళ్ల మీద వేస్తే యుద్ధం ఆగలేదేంటి?" అన్నాడు పెసరట్టు తుంచుతూ.

"ఎవరి మీద పడుద్దో చూసుకోవద్దటయ్యా?"

"మీరే ఆ మాటంటే ఎలాగండీ? అది పడబట్టేగా మీ తాతగారు బతికొచ్చారు. ఏటేటా ఆ బాంబుకి పరమాన్నం పెట్టేది మీరేగా. నిరుడు బెల్లం తక్కువైందని కూడా చెప్పాను."

మా వారు కూడా నవ్వారు. ఇంకో అట్టు వేసి లోపలికి వెళ్లిపోయాను.

మరిది అన్నది అబద్ధం కాదు. మా అమ్మ తండ్రి పటాలంలో వంటవాడు. సింగపూరులో జపాను వాళ్లకు పట్టుబడి మూడేళ్లకు పైగా శిబిరంలో ఉన్నాడు. బాంబులు పడి యుద్ధం ఆగాక ఎముకల గూడై ఇల్లు చేరాడు. మరుసటేడు అమ్మ పుట్టింది. ఆయన ఇల్లు చేరిన తిథినాడు అమ్మమ్మ దీపం పెట్టి, పరమాన్నం నివేదించేది. ఆమె తరువాత అమ్మ, అమ్మ తరువాత నేను.

చిన్నప్పుడు బడి కాలవ అవతల ఉందని నన్ను పంపలేదు. తాతయ్యే అక్షరాలు దిద్దించాడు. ఒక ఏడు ఆ పూజనాడు అడిగాను, పరమాన్నం నువ్వెందుకు తినవని.

శిబిరంలో వంటపాకకు ఒక జపాను సిపాయి కాపలా ఉండేవాడట. గంజి ఒలికితే చెంప పగలగొట్టేవాడు. మనసు బాగుంటే తన ఊరి పేరు చెప్పి, అక్కడున్న కూతురు గురించి సైగలతో చెప్పేవాడు. ఒకరోజు, దొంగచాటుగా రేడియో వినేవాళ్లు వచ్చి జపానులో పెద్ద బాంబు పడిందని, ఊరికి ఊరే పోయిందని ఆ ఊరి పేరుతో సహా చెప్పారు. ఖైదీలందరూ చప్పట్లు కొట్టారు.

"వాడొచ్చి ఏంటని సైగ చేశాడు అమ్మలూ. యుద్ధం అయిపోద్ది, అందరం ఇళ్లకెళ్లిపోతాం అని చూపించాను. వాడూ చప్పట్లు కొట్టాడు. పోయింది వాడి ఊరేనని నాకు తెలుసు. చెప్పలేదు."

ఆ పిల్ల ఎంతుండేదని అడిగాను. ఆ సిపాయి చూపినట్టే తాతయ్య గాలిలో చెయ్యి పెట్టాడు. అది నా నెత్తికి తగిలింది.

అయినా ఆ రోజు పరమాన్నం తిన్నాను. పెద్దయ్యాక ఏళ్ల తరబడి వండాను.

నా పుట్టుక ఆ బాంబు పడబట్టే. అయినా అది న్యాయమని అనలేను. తాతయ్యను మాకు తిరిగి ఇచ్చింది దేవుడేనని నమ్ముతాను. ఆ పిల్లను తీసుకున్నదీ ఆయనేనంటే మాత్రం నమ్మను. అది మనుషులు చేసిన పని. వాళ్ల పనికి నేను ఇన్నాళ్లూ నైవేద్యం పెట్టాను.

ఈ ఏడు తిథినాడు తాతయ్య కోసం దీపం పెట్టాను. పరమాన్నం వండలేదు. "ఏంటండీ, ఈసారి బాంబు పండగ లేదా?" అన్నాడు మరిది. పప్పన్నం పెట్టి పంపాను.

చదివినవారిని ఒక్కటే అడుగుతాను. ఒక్క దెబ్బతో యుద్ధం ఆపేయొచ్చని మీ ఎదుట ఎవరైనా అంటే, అక్షరాలు దిద్దే పిల్ల ఎత్తున గాలిలో చెయ్యి పెట్టి, ఆ సిపాయి కూతురిని ఒకసారి తలచుకోండి.