బోరునీళ్ళ బరువు

తొంభైల్లో గవర్నర్‌పేటలో నేను పనిచేసిన నీటి పరీక్షల లాబ్‌కి, దివిసీమ నుంచి ఒక రైతు నెలకోసారి సీసాడు బోరునీళ్ళు తెచ్చేవాడు. ఆయన రెండెకరాల చుట్టూ వేరేవాళ్ళు రొయ్యల చెరువులు తవ్వాక బోరు ఉప్పబారింది. కాలవ నీళ్ళు ఆలస్యమైతే ఆ బోరే దిక్కు.

మంచినీళ్ళు నింపి తూచిన గాజుబుడ్డిలోనే ఆయన తెచ్చిన నీళ్ళు నింపి మళ్ళీ తూచేదాన్ని. ఎంత బరువు పెరిగితే అంత ఉప్పు. త్రాసులో పెట్టేముందు, "చుట్టూ తడుందేమో చూడండమ్మా" అంటూ బుడ్డిని కండువాతో తనే తుడిచేవాడు. ఆ తడి కూడా ఉప్పు లెక్కలో పడుతుందని ఆయన భయం. ప్రతిసారీ పోయిన నెలకన్నా ఉప్పు పెరిగిందనే చెప్పేదాన్ని.

ఒక జూలైలో ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను. "ఈసారి కాస్త తగ్గిందండీ," అన్నాను.

"తగ్గుద్దనే అనుకున్నానమ్మా. వానలు పడ్డాయిగా," అన్నాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ మాట నమ్మి బోరునీళ్ళతోనే నాట్లు వేశాడు. పైరంతా మాడిపోయింది.

దసరా వెళ్ళాక ఖాళీ చేతులతో వచ్చాడు. "పొలం రొయ్యల చెరువుకిచ్చేశానమ్మా. మీరు ఎదురుచూస్తారేమోనని చెప్పిపోదామని వచ్చా." కూర్చోమన్నా కూర్చోలేదు. "అప్పుడు తగ్గింది కదా, మళ్ళీ ఎట్టా పెరిగిందంటారు?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "భూమిలోపలి సంగతి మనకేం తెలుస్తుందండీ," అన్నాను.

"మీరు మాత్రం ఏం చేస్తార్లెండి," అని నన్నే ఓదార్చి, బస్టాండు వైపు నడిచాడు.