నీలి ఆకుల్లో కార్తీక భోజనం

2007 నవంబరు, కార్తీకమాసంలో ఒక ఆదివారం. మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటి పెరడు. ఉన్నవారు: నేను, నా భార్య, మా అబ్బాయి, మా కోడలు. భోజనాలు అయ్యాక, పక్కింటి పెద్దావిడ.

మొన్న కుండీమట్టి కోసం మొక్కల దుకాణానికి వెళ్ళాను. నీడమొక్కల వరసలో, ఆకుల అందం కోసం పెంచే హోస్టాలు పెట్టి ఉన్నాయి. వాటి పక్క అరలోనే నత్తల మందు డబ్బాలు, డబ్బా మీద లోపలి నీలం గుళికల బొమ్మ. ఆకు కొన్నవాళ్ళకి ఆ మందూ కావాలి కాబట్టి పక్కపక్కన పెట్టడం సబబే. నేను మాత్రం మట్టి కూడా కొనకుండా కారెక్కి ఇంటికి వచ్చేశాను. వచ్చి పాత డైరీ తీస్తే, పైన రాసిన నాలుగు ముక్కలూ దొరికాయి. పక్కింటి పెద్దావిడ కుక్కను ఆనాటి జాబితాలో వేయలేదని ఇప్పుడే గమనించాను.

నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో ఇంటికి దక్షిణం వైపు ఎండ పడదన్న సంగతి ఒంటికి పట్టడానికి మనకి కొన్నేళ్ళు పట్టింది. నేను మొదట్లో అక్కడ వంగ వేశాను, బెండ వేశాను, అన్నీ పాలిపోయి చచ్చిపోయాయి. అప్పుడు పక్కింటి పెద్దావిడ తన హోస్టా దుబ్బు ఒకటి నా పారతో నిలువునా చీల్చి, సగం నాకు ఇచ్చింది. భర్త పోయి, పిల్లలు లేక, ఒక ముసలి కుక్కతో ఉండేది ఆవిడ. చలికాలంలో ఆ మొక్క నేలలో కలిసిపోయి జాడ కూడా లేకపోయేసరికి చచ్చిపోయిందనుకున్నాను. సెప్టెంబరులో మట్టిని పగలగొట్టుకుని ముడుచుకున్న మొనలు పైకి వచ్చాయి. ఆ రోజు నుంచి నాకు హోస్టాల పిచ్చి పట్టింది. అమ్మకం తగ్గిన కాలంలో వాడిపోయిన మొక్కల కుండీలు వెతికి కొనడం, కొన్నవాటిని చీల్చి రెండు చేయడం, ఐస్‌క్రీం డబ్బా మూతలు ముక్కలుగా కోసి పెన్సిల్‌తో పేర్లు రాసి గుచ్చడం నా పని అయింది. పెన్ను రాత ఎండకీ వానకీ పోతుంది, పెన్సిల్ రాత పోదు. వాటిలో నీలి రకం అంటే నాకు ప్రాణం. ఆకు ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత, మధ్యలో దొన్నెలా కాస్త గుంట, పైన బూడిద రాసినట్టు పొర. వేలితో తుడిస్తే వేలికి అంటుకునేది.

నా భార్యకి ఇదంతా వింత. వండుకోడానికి కూరా కాదు, పెట్టుకోడానికి పువ్వూ కాదు, ఈ ఆకుకి ఇంత సేవ ఎందుకండీ అనేది. హోస్టాలకి శత్రువులు నత్తలు. మందు వేసి చంపడం మా ఇంట్లో ఎవరికీ మనసొప్పేది కాదు. పొద్దున్నే తడి ఆరకముందు నేను వాటిని ఏరి బకెట్‌లో వేసుకుని, వీధి చివర వాగు ఒడ్డున వదిలి వచ్చేవాణ్ణి. నాన్న నత్తలకి టూరిస్ట్ బస్సు నడుపుతున్నారని మా అబ్బాయి వేళాకోళం. పక్కింటావిడ కంచె మీదుగా చూసి, అవి మళ్ళీ నడిచి వచ్చేస్తాయి డియర్ అనేది. ఆవిడ నవ్వులో జాలి ఉండేది.

ఆ నవంబరులో మేమంతా టౌరంగాలో నా బావమరిది ఇంటికి వెళ్ళి కొన్ని రోజులు ఉన్నాం. ఉత్తరాలు తీసిపెట్టి, మొక్కలకి నీళ్ళు పోయమని ఆవిడకే చెప్పి వెళ్ళాం. శనివారం తిరిగి వచ్చి చూస్తే హోస్టాలు ఎన్నడూ లేనంత నిండుగా ఉన్నాయి. ఒక్క ఆకుకీ చిల్లు లేదు. ఆదివారం పొద్దున బకెట్ పట్టుకుని వెళితే ఒక్క నత్తా దొరకలేదు. కంచె వారన ఖాళీ గుల్లలు కొన్ని కనిపించాయి. పిట్టలు తిన్నాయనుకుని, ఆ ఏటి అదృష్టానికి సంతోషించాను.

కార్తీకంలో చెట్టు కింద భోజనం చేయాలని నా భార్య పట్టు. ఉసిరి ఇక్కడ ఎక్కడుంది? ఎర్ర పూలతో ఉన్న మా ఫీజోవా చెట్టునే ఉసిరి అనుకుని ఏటా దాని కింద చాప వేసేవాళ్ళం. కోడలికి అప్పుడు ఏడో నెల. చాలా ఏళ్ళు ఎదురు చూసిన కడుపు. కింద కూర్చోలేదు కాబట్టి ఆ పిల్లకి మాత్రం కుర్చీ, చిన్న బల్ల. విస్తరాకులు లేవని ప్రతిసారీ స్టీలు పళ్ళేలే పెట్టేవాళ్ళం. ఆ రోజు నా భార్య కత్తి తీసుకుని నీలి హోస్టాల వైపు వెళ్ళింది.

"ఇన్నాళ్ళకి మీ ఆకు ఒక పనికొచ్చిందండీ," అంది.

పెద్ద ఆకులు ఏరి కోసి, తడిబట్టతో తుడిచింది. బట్టకి నీలంగా అంటుకుంది. ఆ పొర సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే కదా, ఎవరమూ పట్టించుకోలేదు. పులిహోర, గారెలు, పెరుగన్నం. కోడలు రెండోసారి పెరుగన్నం వేయించుకుంది. ఆకు గుంటలో పెరుగు నిలుస్తోంది, పళ్ళెం కంటే ఇదే బాగుంది అత్తయ్యా అని, వేలితో ఆకంతా ఊడ్చి తింది. తిన్నాక నా భార్య అందరి ఆకులూ మడిచి, ఎరువుకి పనికొస్తాయని కంచె పక్కన కుప్ప వేసింది.

పాయసానికి పిలిచిన పెద్దావిడ అప్పుడే గేటు తీసుకుని వచ్చింది. ముందు కోసేసిన దుబ్బుల్ని చూసింది. తరువాత ఎంగిలాకుల కుప్పను చూసింది. ఆవిడ ముఖంలో రంగు మారడం నేను చూశాను.

"వాటిలో తిన్నారా?" అంది నెమ్మదిగా. "నేను మందు వేశాను. మీరు లేనప్పుడు. రెండుసార్లు వేశాను. ఆ నీలం గుళికలు ఆకుల మధ్యలో కూడా పడ్డాయి."

ఆకులో అన్నం తింటారని ఆవిడ ఎలా ఊహిస్తుంది? నత్తల్ని వాగుదాకా మోసుకెళ్ళే ముసలాయనకి ఒక్క వసంతమైనా మంచి ఆకులు చూపిద్దామనుకుంది, అంతే. మందు పేరు చెప్పడానికి ప్యాకెట్ కావాలని ఇంటికి పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. మా అబ్బాయి విషాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ప్యాకెట్ మీద ఉన్నది అక్షరం అక్షరం చదివాడు. తుడిచిన ఆకు కాబట్టి లోపలికి పోయింది తక్కువే అయి ఉండవచ్చునన్నారు. వాంతి గానీ వణుకు గానీ వస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు.

మిగతా మధ్యాహ్నమంతా ముందు గదిలో కూర్చున్నాం. నా భార్య కోడలి చేతివేళ్ళకేసి చూస్తూ కూర్చుంది, వణుకుతాయేమోనని. పెద్దావిడ కోటు కూడా విప్పకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చుండిపోయింది, వెళ్ళమన్నా వెళ్ళలేదు. వెలుతురు తగ్గే వేళకి కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆగింది.

"కదులుతోంది అత్తయ్యా."

నా భార్య చెయ్యి వేసి చూసి, కళ్ళు తుడుచుకుంది. అది ఏ భాషలో చెప్పినా అర్థమయ్యే మాటే. పెద్దావిడ లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కార్తీక భోజనాలు కమ్యూనిటీ హాల్లో జరుగుతున్నాయి. కాగితం పళ్ళేలు, ప్లాస్టిక్ చెంచాలు, అందరం క్షేమం. ఆ రోజు కడుపులో కదిలిన మనవరాలు ఆ పళ్ళేలు పేర్చి పంచుతుంది; ఆకులో ఎందుకు తినకూడదు తాతయ్యా అని ఒకసారి అడిగింది. పక్కింట్లో ఎవరుంటున్నారో ఇప్పుడు నాకు తెలియదు. మధ్యలో ఎత్తు కంచె వచ్చింది. ఇంట్లో లేనప్పుడు మన మొక్కల మీద దయ చూపేవాళ్ళు లేరు. అది మంచికో చెడుకో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. మర్నాటి సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను.

సోమవారం పొద్దున తడి ఆరకముందే కంచె అవతల పెద్దావిడ నిలబడి ఉంది. నిన్నటి కోటే ఒంటి మీద ఉంది.

"ఆ పిల్ల బాగానే ఉంది కదా?" అని అడిగింది.

బాగుందని, రాత్రి నిద్ర కూడా పోయిందని చెప్పాను. ఆవిడ తల ఊపి, మా హోస్టాల వైపు చూపించింది. ప్యాకెట్ కోసం పరుగెత్తిన హడావుడిలో ఆవిడ పెరటి తలుపు తెరిచే వదిలేసింది. కంచె కింది సందులోంచి కుక్క వచ్చింది. పెద్ద ఆకులు కోసేయడంతో దుబ్బుల మొదట్లో గుళికలు బయటపడి ఉన్నాయి. ఐస్‌క్రీం మూత ముక్కల మధ్య, అది పక్కకి ఒరిగి పడుకుని ఉంది. ఒంటి మీద మంచు పట్టింది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, పార ఉంటే ఇమ్మంది. దుబ్బులు చీల్చే పార ఒకటే ఉండేది నా దగ్గర. కడిగి, కంచె మీదుగా అందించాను.