నేను నోరు మూసుకున్న వారం

ఆ రోజుల్లో మంచివాడు కావడానికి ఒక గళ్ల కాగితం, ఒక పెన్సిలు చాలని నాకు గట్టి నమ్మకం. డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో కొత్తగా బొగ్గు బాయి పనిలో చేరాను, మందు పేల్చాక రాలిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే పని. షిఫ్టు దిగాక రీడింగ్ రూములో కూర్చునేవాణ్ణి. అక్కడ దొరికింది, రెండు వందల ఏళ్ల కిందటి ఒక అమెరికా పెద్దమనిషి తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం. అచ్చుపని చేసుకుంటూ పైకొచ్చిన ఆయన, సుగుణాలన్నీ గళ్ల కాగితం మీద రాసుకుని, వారానికొకటి చొప్పున సాధన చేస్తూ, తప్పినప్పుడల్లా గడిలో నల్లచుక్క పెట్టుకున్నాడట. ఆ సాయంత్రమే నేనూ గళ్లు గీసి గోడకు అతికించాను. మొదటి వారం మితాహారం. (అవ్వ, అంటే మా అమ్మ, చేపల పులుసు వండిన రోజు చుక్కలకు గడిలో చోటు చాల్లేదు.)

రెండో వారం మౌనం. ఆయన పనికిరాని మాటలు వద్దన్నాడు, నేను ఇంకో మెట్టు పైకెక్కి అసలు మాటలే మానేశాను. తల ఊపడం కూడా మాట కిందికే వస్తుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆరు రోజులు ఒక్క చుక్క పడలేదు. ఏడో రోజు కమాన్‌పూర్ నుంచి మా మేనమామ దిగాడు, తన బిడ్డకూ నాకూ ముహూర్తం ఖాయం చేసుకోవడానికి. (ఆ పిల్లంటే నాకు పంచప్రాణాలు.) బాయి పని ఎట్లుందని అడిగాడు. నవ్వాను. మాఘమాసంలో పెట్టుకుందామా అన్నాడు. ఇంకా వెడల్పుగా నవ్వాను. గొంతు పెంచి మళ్లీ అడిగాడు. అదే నవ్వు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకొచ్చిన అవ్వ, వీడు వారం నుంచి ఉలుకూ పలుకూ లేకుండా ఇట్లనే ఉన్నాడని చెప్పి పుణ్యం కట్టుకుంది.

"మందు పేలుడుకు పిల్లగాని చెవులు పోయినయి అక్కా. నా బిడ్డను ఎట్లియ్యాలె?" అని కళ్లు తుడుచుకుని మామ సంచి తీసుకున్నాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆయన గడప దాటాక కూడా నేను గోడ మీది ఖాళీ గడుల వైపే చూశాను. పొద్దుగూకితే వారం పూర్తి. అప్పుడు భయమేసింది, చెప్పులు లేకుండా బస్టాండుకు పరుగెత్తాను.

"మామా, నాకు మంచిగనే వినబడుతది. మాఘమాసంలనే పెట్టు" అని అరిచాను. షిఫ్టుకు పోయేవాళ్లంతా ఆగి చూశారు.

మరి ఇంతసేపూ ఏమైందని మామ అడిగాడు. ఆరు రోజుల మాటలు లోపల పేరుకుని ఉన్నాయేమో, అమెరికా ఆయనతో మొదలుపెట్టి చేపల పులుసు దాకా అన్నీ చెప్పాను. ఈలోగా బస్సు వెళ్లిపోయింది.

"పిల్లనైతే ఇస్త గని, గీ ముచ్చట ఇంకెవలికి చెప్పకు" అన్నాడు మామ.

ఇంటికొచ్చి మౌనం గడిలో చుక్క పెట్టాను. మూడో వారం మొదలే కాలేదు.

ముప్పై ఏళ్లకు పైగా మిషన్ల చప్పుడులో పనిచేశాక ఇప్పుడు నిజంగానే చెవులు మందగించాయి. మామ కూతురైన మా ఆవిడ వంటింట్లోంచి రెండుసార్లు పిలిచి, పలకకపోతే దగ్గరికొచ్చి, "మా బాపు గప్పుడే అన్నడు" అంటుంది. ఆ ఒక్క మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడుతుంది. జవాబు చెప్పను, ఆనాటి లాగే వెడల్పుగా నవ్వుతాను.