ఎడమ పక్క కుర్చీ

ప్రతి గురువారం సాయంత్రం మేష్టారి ముందుగదిలో పది పన్నెండు మంది గుండ్రంగా కుర్చీలేసుకుని ప్రార్థనకి కూర్చుంటారు. అందరూ చేతులు పట్టుకుంటారు. ఒకరు ప్రార్థన ముగించి పక్కవాళ్ల చెయ్యి నొక్కితే వాళ్లు అందుకుంటారు. పైకి ప్రార్థించడం రానివాళ్లు ఊరికే చెయ్యి నొక్కి ముందుకు పంపేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్ ఇరవై ఎనిమిదేళ్లుగా నొక్కుతూనే వచ్చాడు. అతనికి కుడిపక్క మేష్టారు, ఎడమపక్క భార్య. మేష్టారు తన చెయ్యి నొక్కగానే అతను ఆమె చెయ్యి నొక్కేసేవాడు, వేడి గిన్నె చేతులు మార్చినట్టు. ఆమె ఇద్దరి తరఫునా ప్రార్థించేది. అతని నడుం నొప్పి, షాపు పైకప్పు కారడం, ఏదీ మరిచిపోయేది కాదు.

"మీ నోరు నా చేతిలో పెట్టేసి హాయిగా కూర్చుంటారు. కాస్త మెల్లగా నొక్కండి, వేళ్లు విరిగిపోతున్నాయి," అనేది ఇంటికి వస్తూ.

"నువ్వు చెబితే వింటాడు. నేను చెబితే ఎవరీయన అంటాడు," అనేవాడు.

నమ్మకం లేక కాదు. అతను చెప్పాల్సింది ఆమెతో చెప్పేవాడు, ఆమె దేవుడితో చెప్పేది. అలా అన్నీ చేరిపోయేవి.

జ్వరమని పడుకుని పదకొండు రోజుల్లో ఆమె పోయింది.

ఆ తర్వాత మూడో గురువారం వెళ్లాడు. ఆమె కుర్చీని గౌరవం కొద్దీ ఖాళీగా ఉంచారు. దానికి అవతల పాస్టరుగారు. ప్రార్థన తిరుగుతూ తిరుగుతూ వచ్చింది. మేష్టారు చెయ్యి నొక్కారు. అతను ఎడమ చెయ్యి చాపాడు. అక్కడ ఏ చెయ్యీ లేదు.

ఫ్యాను చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. "ప్రభువా," అన్నాడు. ఇక్కడ ఆమె ఏమనేదో గుర్తు చేసుకోబోతే గొంతు గుర్తొచ్చింది గాని మాటలు రాలేదు. చివరికి పాస్టరుగారే అందుకుని ముగించారు.

గుమ్మం దగ్గర మేష్టారు భుజం మీద చెయ్యేశారు. "దానికో పద్ధతి ఉంది తమ్ముడూ. ముందు స్తుతి, తర్వాత కృతజ్ఞత, ఆ తర్వాత విన్నపం. రాసిస్తాను, అలవాటు చేసుకో."

ఆ కాగితం పట్టుకుని ఇంట్లో గోడకెదురుగా నిలబడ్డాడు. "మహోన్నతుడవైన" దగ్గరే తడబడ్డాడు. మేష్టారికి అమరిన మాటలు తనకి ఎరువు తెచ్చుకున్న చొక్కాలా ఉన్నాయి. రెండోసారి తడబడ్డప్పుడు, వంటింట్లోంచి ఆమె నవ్వు వినిపిస్తుందని ఆగాడు. రాలేదు.

తర్వాత రెండు గురువారాలు పని ఉందని కబురు పెట్టాడు. పనేమీ లేదు. షాపు తలుపు సగం వేసి లోపల కూర్చున్నాడు. ఇన్నేళ్లూ దేవుడు ఆమెకి మాత్రమే తెలుసేమో, ఆమెతో పాటు తనకి ఆయన కూడా లేకుండా పోయాడేమో అని భయం.

బుధవారం టైలరమ్మ మిషను పట్టుకొచ్చింది.

"పట్టేస్తోంది బాబాయ్. నాలుగు కుట్లకోసారి దారం తెగుతోంది."

అతను ఏ మిషనునీ వెంటనే విప్పడు. బెల్టు తీసి, కళ్లు మూసుకుని, చక్రం మీద చెయ్యేసి నెమ్మదిగా తిప్పుతాడు.

"ఏమ్మా, ఎక్కడ నొప్పి? ఇక్కడా? కాదా? నూనె చుక్క పడి ఎన్నాళ్లయింది నీకు? చెప్పు, తొందరేం లేదు."

"మా ఆయన నాతో ఒక్కరోజు అంత ముద్దుగా మాట్లాడితే ఈ మిషను నీకే ఇచ్చేసేదాన్ని," అంది టైలరమ్మ. "అసలది వింటుందా?"

"వినకపోతే ఎలా చెబుతుంది?"

అన్నాక అతని చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి బాబాయ్, దొరికిందా?"

"షటిల్లో దారం చిక్కుకుంది," అన్నాడు కాసేపటికి.

మర్నాడు కాగితం ఇంట్లో వదిలేసి వెళ్లాడు. మేష్టారు చెయ్యి నొక్కారు. అతను కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, నేను. మిషన్ల మెకానిక్‌ని. మా ఆవిడ నీకు బాగా తెలుసు. ఇకనించి నా సంగతులు నేనే చెప్పుకోవాలి. నడుం నొప్పి తగ్గింది. అన్నం వండుకుంటున్నాను, అడుగంటుతోంది. సాయంత్రం తాళం తీస్తే ఆ చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది. అదే బాగోలేదు. నాలో ఎక్కడో పట్టేసింది. ఎక్కడో నాకు తెలీదు, నువ్వే చూడు. తొందరేం లేదు."

ఆగాడు. అందరూ ఎదురుచూశారు.

"ఆమేన్ అను," అన్నారు మేష్టారు గుసగుసగా.

"ఇంకా అవలేదు మేష్టారూ."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. అతనికి ఇంకేమీ తోచలేదు. ఎడమ చెయ్యి ఖాళీ కుర్చీని తడిమింది. దాని చెక్కని మెల్లగా, ఒక్కసారి నొక్కాడు. పాస్టరుగారు అందుకున్నారు.

ఇంటికొచ్చి తాళం తీశాడు. "వచ్చాను," అన్నాడు, ఎప్పుడూ అనే మాటే. లైటు వేసి, చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్లాడు. ఆమేన్ అనకుండానే వచ్చేసిన సంగతి గుర్తొచ్చింది. కంచం తీసి కడుక్కుంటూ, ఆపిన చోటినుంచి అందుకున్నాడు.

"నిన్న టైలరమ్మ వచ్చిందిలే. మిషను బాగైంది."