పెద్దమ్మ తలుపు మూసిన నాలుగు రోజులు

మొన్న మా మనవరాలు బతు బస్తీ అనే పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని, కౌన్సెలరుగా తనకు వచ్చిన రిజిస్ట్రేషన్ కాగితానికి అద్దం కట్టించి, గోడకు తగిలిస్తూ, వంకరగా ఉందేమో చూడమని నన్ను ఎదురుగా నిలబెట్టింది. కాగితాన్ని వదిలి నా వేళ్లకేసే చూసుకున్నాను. అలాంటి కాగితం లేదని ఒక మనిషిని కట్టడి చేసిన నోటీసును, నా తొలి ఉద్యోగంలో, ఈ వేళ్లతోనే టైపు చేశాను. ఆ మనిషి మా పెద్దమ్మ.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ దీవులకు వచ్చి డెలానీపూర్‌లో కాపురం పెట్టిన మొదటి కుటుంబాల్లో మాదొకటి. చుట్టూ నీళ్లు, వెనక్కి వెళ్లే ఓడ ఎప్పుడో తెలియని రోజులు. మనసులో గూడు కట్టుకున్నది చెప్పుకోవడానికి మధ్యాహ్నాలు ఆడవాళ్లు, ఒక్కోసారి మగవాళ్లు కూడా, మా చాప మీద వచ్చి కూర్చునేవారు. పెద్దమ్మ విబూది పెట్టేది కాదు, తాయెత్తు కట్టేది కాదు. వినేది. వాళ్లు ఆగితే "ఇంకేటుంది?" అనేది. అంతే.

ఆవిడ మంత్రాలు వేస్తోందని ఎవరో మా ఆఫీసులో అర్జీ పెట్టారు. సర్కారు లైసెన్సు లేకుండా జనం మనసులకు సలహాలు ఇవ్వరాదని, వైద్యం చేయరాదని మా ఆఫీసరు నోటీసు రాయించాడు. ఆ లైసెన్సు ఇచ్చే ఆఫీసు ఈ దీవుల్లో ఎక్కడా లేదని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆ మాట అనలేదు. ఇంటికి తెచ్చి చదివి వినిపించాను.

"ఎవులిస్తారే ఆ కాయితం?" అంది పెద్దమ్మ. నేను నోటీసు మడత పెట్టాను. "సరేలే. నీ నౌకరీకి ముప్పు రాకూడదు," అని మరునాడు మధ్యాహ్నం తలుపు గడియ వేసింది.

మా పక్క వరసలో ఒక వదిన ఉండేది. ఆమె భర్త చేపలకు వెళ్లి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. చాతం రంపపు మిల్లులో మధ్యాహ్నం సైరన్ మోగినప్పుడల్లా, ఆ మోత అడుగున ఆయన తనను పేరు పెట్టి పిలుస్తున్నాడని పెద్దమ్మ దగ్గర ఏడ్చి తేలికపడి వెళ్లేది. తలుపు మూసిన మొదటి రోజు, నేను భోజనానికి వచ్చేసరికి, ఆ వదిన మా అరుగు మీద నిలబడి ఉంది; కాసేపుండి వెళ్లిపోయింది. వానలు లేని కాలం. అయినా ఆమె నిలబడిన చోట తడి పాదాల గుర్తులున్నాయి; ఆరాక తెల్లగా ఉప్పు మిగిలింది. రెండో రోజు చీర మోకాళ్ల దాకా తడిసింది. మూడో రోజు నడుం దాకా.

"సముద్రంలో ఎందుకు దిగావు వదినా?" అన్నాను.

"నాను దిగలేదమ్మా. ఇంట్లోనే కూకున్నాను. సీర దానంతటదే తడిసిపోతంది."

"పెద్దమ్మకి పర్మిషన్ నహీ హై వదినా, ఇంటికెళ్లు," అని మా ఆఫీసు హిందీ కలిపి అన్నాను. ఆమె తడి పాదాలతోనే వెళ్లింది.

నాలుగో రోజు రాలేదు. సైరన్ మోగి ఆగింది. పెద్దమ్మ తినే కంచం ముందు నుంచి లేచి, గడియ తీసి, "పదవే," అంటూ చెప్పులైనా లేకుండా నడిచింది. ఎక్కడికెళ్లాలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చాతం వంతెన పక్కన, కెరటమన్నదే లేని నీళ్లలో, వదిన గొంతు దాకా మునిగి, ఎవరి మాటో వింటున్నట్టు తల పక్కకు వంచి నిలబడి ఉంది. పెద్దమ్మ కట్టుచీరతోనే దిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకూ ఇనబడతందే," అంది. "కానీ నిన్ను గాదు, నన్ను పిలుస్తన్నాడు. నువ్వు ఇంటికెల్లు. నాను పలుకుతాలే."

వదిన నిద్రలోంచి లేచినట్టు ఒడ్డుకు వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది. ఆ పిలుపు మళ్లీ వినలేదంది. పెద్దమ్మ తలుపు ఇక మూయలేదు, నోటీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ ఆ రోజు మొదలు, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆవిడ చేస్తున్న పని ఆపి, సముద్రం వైపు తల తిప్పి, పక్కింటివాళ్లు కేకేస్తే పలికినట్టు "ఆఁ" అనేది. ఎంత ఎండలోనైనా ఆవిడ చీర కుచ్చెళ్ల అంచు ఆరేది కాదు. పోయే దాకా అంతే.

ఇప్పుడు ఇలాంటి పనికి ఒక చదువు, ఒక కాగితం ఉండటం మంచిదే. ఆ రోజు పెద్దమ్మ లెక్క తప్పి ఉంటే వదిన ప్రాణానికి జవాబు చెప్పేవారెవరు? అయితే మనవరాలు చెప్పిన ఇంకో సంగతే నన్ను కుదిపేసింది. తమలాంటివాళ్లు విన్నదంతా లోపల దాచుకోకూడదట, తమకన్నా అనుభవం ఉన్నవారి దగ్గర కూర్చుని ఎప్పటికప్పుడు ఆ బరువు దించుకోవాలట, అదీ వృత్తిలో భాగమేనట. మా రోజుల్లో అలాంటి ఆలోచనే ఎవరికీ రాలేదు. పెద్దమ్మతో ఆ తర్వాత పన్నెండేళ్లు ఒకే ఇంట్లో తిన్నాను, పడుకున్నాను. ఆ గొంతు ఏమంటోందని ఒక్కనాడైనా అడగలేదు.